కొలిమికి వచ్చిన పోత ఇనుము

మీ వంటింట్లో ఇనుము ఎన్ని రకాలుగా ఉందో ఎప్పుడైనా గమనించారా? కత్తిపీట ఉంది, పాతకాలపు బరువైన అట్లపెనం ఉంది. రెండూ నల్లగానే ఉంటాయి, తడి తగిలితే రెండూ తుప్పు పడతాయి. కాని కత్తిపీట చేజారి గచ్చు మీద పడిందనుకోండి, ఖంగుమంటుంది. మహా అయితే మొన కొంచెం వంగుతుంది. అదే పెనం పడితే రెండు చెక్కలవుతుంది. మా అత్తగారింట్లో మూడు తరాలు అట్లు పోసిన పెనం ఒకటి అలాగే పోయింది. పడేసింది నేనే గనుక ఆ సంగతి నాకు బాగా గుర్తు!

కత్తిపీట కొలిమిలో కాల్చి, సమ్మెటతో కొట్టి చేసినది. పెనం కరిగించి అచ్చులో పోసినది. పోత ఇనుమనీ, బీడు అనీ అంటారు దాన్ని. ఇనుములో కలిసే బొగ్గుసారాన్ని బట్టి ఈ తేడా వస్తుంది. కొట్టడానికి లొంగే మెత్తని ఇనుములో ఆ సారం లేదన్నంత తక్కువ. ఉక్కులో కొంచెం ఎక్కువ. పోత ఇనుములో నూటికి రెండు నుంచి నాలుగు పాళ్ల దాకా ఉంటుంది. బెల్లప్పాకం సంగతి మనకి ఒకరు చెప్పనక్కర్లేదు కదా! అరిసెల పాకం వేళ్లకి లొంగి ఉండ కడుతుంది. అదే ఇంకాసేపు పొయ్యి మీద ఉంచితే ముదిరి, పళ్లెంలో వేస్తే టంగుమని, విరిస్తే పటుక్కుమంటుంది. పోత ఇనుము ముదురుపాకం లాంటిదన్నమాట. అచ్చులో చక్కగా ఒదుగుతుంది, బరువు మోస్తుంది, ఏళ్లతరబడి మంటకి నిలుస్తుంది. దెబ్బకి మాత్రం ఓర్చుకోదు.

ఈ రెండు ఇనుములూ ఒకే కొలిమిలో ఎదురెదురు పడడం నేను కళ్లారా చూశాను. అది చెప్పాలంటే ముందు కొంచెం వెనక్కి వెళ్లాలి.

మా అమ్మమ్మగారి ఊరు అమరావతికి దగ్గర. రాజధాని పేరుతో అందరి నోటా నలిగిన అమరావతి కాదు, అమరేశ్వరుడి గుడీ దీపాలదిన్నె స్తూపమూ ఉన్న పాత అమరావతి. ఆ స్తూపం రాళ్లని మ్యూజియంలో చూసినవాళ్లందరూ శిల్పుల్ని మెచ్చుకుంటారు. ఏనుగు తొండం ముడతలు, ఆడవాళ్ల నడుముకి చుట్టిన మేఖలలు, తామర రేకులు, అన్నీ అంత సన్నగా చెక్కారు. మరి అంత సన్నపు పని చేసిన ఉలికి పదును ఎవరు పెట్టారు? రాతి మీద ఉలి ఎంతోసేపు నిలవదు. మొన మొద్దుబారగానే కాల్చాలి, సాగదీయాలి, నీళ్లలో ముంచి పదును ఎక్కించాలి. అందుకని రాతిపని జరిగే చోట పక్కనే కొలిమి మండుతూ ఉండాల్సిందే. ఆ రోజులకి ఇనుము మనవాళ్లకి కొత్తేమీ కాదు. 1954 నుంచి 1960 వరకూ నాగార్జునకొండలో జరిగిన తవ్వకాల్లో, స్తూపాలకంటే చాలా ముందు కాలపు రాకాసిగుళ్లలో కూడా ఇనప వస్తువులు దొరికాయి.

అమరావతి శాసనాల్లో నాకు చాలా ఇష్టమైనది ఒకటుంది. పూర్ణఘటం చెక్కిన ఒక పలకని దానమిచ్చినవాడు విధికుడనే చర్మకారుడు. అంటే తోలుపని చేసేవాడు. కొలిమికి ప్రాణం తిత్తి, తిత్తికి ప్రాణం తోలు. కాబట్టి విధికుణ్ణి నేను కొలిమి పక్కింటివాడిగానే లెక్కవేసుకుంటాను, పండితులు ఏమన్నా అననివ్వండి! ఆ శాసనంలో తన తండ్రి ఉపాధ్యాయుడైన నాగుడని చెప్పుకున్నాడు. తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, కొడుకు నాగుడితో, కూతురితో, చుట్టపక్కాలతో కలిసి ఈ దానం చేశానన్నాడు. ఎంత బాగా అందర్నీ కలుపుకున్నాడో చూడండి. కాని తండ్రి పేరుంది, కొడుకు పేరుంది. తల్లి పేరూ, భార్య పేరూ, కూతురి పేరూ లేవు. అలాగని ఆ కాలపు ఆడవాళ్లకి పేర్లు చెక్కించుకునే వీల్లేదనుకోకండి. భిక్షుణులూ గృహిణులూ సొంత పేర్లతో దానమిచ్చిన రాళ్లు అదే స్తూపానికి చాలా ఉన్నాయి. విధికుడి ఇంట్లో ఎందుకో అలా జరిగింది.

ఇక ఆ కాలంలోనూ, ఆ తర్వాత చాలా శతాబ్దాల వరకూ మన ఇనుము ఎలా తయారయ్యేదంటే, మట్టితో కట్టిన చిన్న బట్టీలో ఇనపరాయినీ బొగ్గునీ వేసి, తిత్తులతో గాలి ఊది కాల్చేవారు. అందులో ఇనుము కరిగి నీరు కాదు. స్పంజిలా బొరియలు బొరియలుగా ఒక ముద్ద కడుతుంది. దాన్ని వేడిమీద బాదిబాది చిట్టెం వదలగొడితే మంచి ఇనుము మిగులుతుంది. అంటే మన ఇనుము మొదటినించీ చేత ఇనుమే. చైనావాళ్లు క్రీస్తుకి నాలుగైదు వందల ఏళ్ల ముందే ఇనుము కరిగించి పోతపోశారు. మనవాళ్లు వేరే దారి పట్టారు. చిన్న మూసల్లో ఇనుముకి తగినంత బొగ్గుసారం పట్టించి ఉక్కు చేశారు. నిజామాబాదు ప్రాంతంలోని కోనసముద్రంలో ఈ ఉక్కు తయారీని 1820 ప్రాంతంలో వాయ్సీ అనే డాక్టరు చూసి రాశాడు. దాన్ని కొనడానికి పర్షియా నించి వర్తకులు అక్కడికి వచ్చేవారు. లండన్‌లో మైకేల్ ఫారడే అంతటివాడు ఈ ఉక్కులో ఏముందో తేల్చుకోవడానికి ప్రయోగాలు చేశాడు.

ఆ బట్టీలన్నీ పందొమ్మిదో శతాబ్దంలో ఒక్కొక్కటే చల్లారాయి. సీమ ఇనుము కడ్డీలుగా ఓడల్లో దిగి చవగ్గా అమ్ముడుపోయింది. 1882లో మద్రాసు అడవుల చట్టం వచ్చాక బొగ్గులకోసం చెట్టు కొట్టడం కష్టమైంది. 1890 ప్రాంతానికి గుంటూరు మీదుగా బెజవాడకి రైలు కూడా వచ్చేసింది. ఇక కడ్డీ ఇనుమూ పాత పట్టాలూ ఇంటిముందుకే వచ్చాయి. ఊళ్లో కమ్మరి రాయి కరిగించడం మర్చిపోయి, వచ్చిన ఇనుముని సాగదీసేవాడయ్యాడు. అయినా తన కొలిమికి మాత్రం తనే రాజు. పట్టుకారు తనే చేసుకునేవాడు, సమ్మెట తనే చేసుకునేవాడు. మట్టి పుట్టలో ఉంది, బొగ్గు తుమ్మచెట్టులో ఉంది, తిత్తి కుట్టేవాళ్లు వాడ చివర ఉన్నారు. ఏది పాడైనా పొద్దుగూకేలోపు ఊళ్లోనే బాగయ్యేది.

పోత ఇనుము దొరల వెంట వచ్చింది. 1709లో ఇంగ్లండులో అబ్రహాం డార్బీ కట్టెబొగ్గు బదులు రాతిబొగ్గుని కోకుగా మార్చి ఇనుము కరిగించాక అది అక్కడ చవకైంది. 1779లో ఏకంగా ఒక వంతెననే దానితో కట్టారు. మన దక్షిణాదిన 1830 ప్రాంతంలో హీత్ అనే ఆయన పరంగిపేటలో పెద్ద కార్ఖానా పెట్టాడు గాని అది లాభసాటిగా నిలవలేదు. పోత ఇనుము గుణం తెలియక ఇంగ్లండువాళ్లు కూడా దెబ్బతిన్నారు. 1879 డిసెంబరు 28 రాత్రి స్కాట్లండులో టే నది మీద రైలు వంతెన గాలివానకి కూలిపోయి, రైల్లో ఉన్నవాళ్లంతా పోయారు. దాదాపు 75 మంది. విచారణ చేస్తే, లాగుడుకి తట్టుకోవాల్సిన చోట పోత ఇనుము కొసలు పెట్టారని, అవి పుటుక్కున తెగాయని తేలింది. బరువు పైన పెడితే మోస్తుంది, లాగితే తెగుతుంది. అదీ దాని గుణం.

ఆ రోజుల్లోనే అమెరికాలోనూ ఇంగ్లండులోనూ పోత ఇనుముతో కొలిములు చెయ్యడం మొదలైంది. నాలుగు కాళ్ల మీద ఒక వెడల్పాటి పళ్లెం, పక్కన పళ్లచక్రాలతో తిరిగే గాలిపంకా, దానికో చేతిపిడి. పిడి తిప్పితే చాలు, గాలి ధారగా వస్తుంది. వంతెనల మీద రివెట్లు కాల్చడానికీ, రైలుదారి పనులకీ ఇవి ఎక్కడికి కావాలంటే అక్కడికి మోసుకుపోయేవారు. అలా తిరిగి తిరిగి పాతబడి, తుక్కుగా అమ్ముడుపోయిన కొలిమి ఒకటి మా అమ్మమ్మగారి ఊరు చేరింది.

1991 ఎండాకాలం సెలవులు. నేను ఎనిమిదో తరగతి అయి తొమ్మిదిలోకి వస్తున్నాను. అమ్మమ్మగారి ఇంటికి రెండిళ్ల అవతలే కొలిమి. కమ్మరి బాబాయి కొడుతుంటే, తిత్తి లాగేది వాళ్లమ్మ. ఊరంతా ఆవిణ్ణి మామ్మ అనేవాళ్లం. కాపరానికి వచ్చిన ఏడు నించీ తిత్తి తాడు పట్టుకున్న మనిషి. తిత్తి లాగడమంటే ఊరికే గాలి కొట్టడం కాదు. కర్రు కాగేటప్పుడు ఎంత గాలి, కొడవలి కాగేటప్పుడు ఎంత గాలి, ఇనుము ఎర్రబడిందా పసుపు తిరిగిందా, ఇంకొక్క ఊపు ఎక్కువైతే ఇనుము మాడి నిప్పురవ్వలు చిమ్ముతుందా, అంతా ఆవిడ కంట్లోనే ఉండేది. కళ్లంలో మేర మాత్రం కొడుకు పేరున కొలిచేవారు. ఆ ఏడు మామ్మకి కుడి భుజం పట్టేసి చెయ్యి పైకి లేవకుండా అయింది. ఆవిడే తన వెండి కడియాలు తీసిచ్చి ఆ పంకా కొలిమి కొనిపించింది.

వచ్చింది సరే, దాంతో ఒక చిక్కు వచ్చింది. ఆ పళ్లెం చుట్టూ బెత్తెడు ఎత్తున అంచు ఉంది. రివెట్లు కాల్చుకునేవాడికి ఆ అంచు మంచిదే, బొగ్గు కింద పడదు. మా నల్లరేగడి పొలాల్లో పత్తికీ మిరపకీ కావలసింది గుంటక. గుంటక పాస బారెడు పొడవుండే ఇనుము. దాన్ని నిప్పులో పడుకోబెట్టాలంటే రెండు పక్కలా అంచు అడ్డం. ఏటవాలుగా పెడితే మధ్యభాగం నిప్పుకి అందదు. కాబట్టి ఎదురెదురుగా రెండు చోట్ల అంచుని జానెడు మేర కోసెయ్యాలి.

ఇనుము కొయ్యడం కమ్మరికి ఒక పనా అనుకుంటాం. కాల్చి, ఉలి పెట్టి, సమ్మెటతో ఒక దెబ్బ వేస్తే సరి. కాని బాబాయికి అది బీడు అని తెలుసు. దెబ్బ వెయ్యడానికి చెయ్యి రాలేదు. గ్యాసుతో కోస్తారని విని, దాన్ని బండి మీద టౌనుకి తీసుకెళ్లాడు. సాయంత్రం మొహం వేలాడేసుకుని వచ్చాడు. కోత పడలేదు సరికదా, అంచు మీద నాలుగు వేళ్ల పొడుగున పగులు పట్టింది.

ఎందుకలా అయిందో నాకు తర్వాతెప్పుడో తెలిసింది. గ్యాసుతో ఉక్కుని కొయ్యడమంటే దాన్ని కరిగించడం కాదట. వేడిచేసి, ఆమ్లజని ఊది, ఇనుముని కాల్చెయ్యడమట. ఆ కాలిన తుప్పు కరిగి ఎగిరిపోతుంది. పోత ఇనుములో తుప్పుకంటే ముందు ఇనుమే కరిగిపోతుంది, పైగా లోపలున్న బొగ్గుసారం అడ్డుపడుతుంది. అందుకని కోత తెగదు. ఒకచోటే వేడెక్కి, పక్కన చల్లగా ఉండేసరికి పగులుతుంది. వేడి గాజుగ్లాసులో చన్నీళ్లు పోసి నాలిక కరుచుకున్నవాళ్లం మనలో ఎంతమంది లేరు!

మామ్మ ఆ పగులు మీద వేలు రాస్తూ, “ఇదేం ఇనుమే అమ్మాయ్, కొట్టనీదు, కాల్చనీదు?” అంది. కడియాలు పోయిన మాట మాత్రం ఎత్తలేదు.

రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైన పెద్దాయన ఒకాయన ఆ ఊళ్లో ఉండేవారు. ఆయనొచ్చి చూసి, “ఒరే అబ్బాయ్, దీన్ని కొట్టకూడదు, బతిమాలుకోవాలి” అన్నారు. ముందు పగులు ఎక్కడ ఆగిందో చూసి, సరిగ్గా దాని కొసన చేతిడ్రిల్లుతో చిన్న గుండ్రటి బెజ్జం వేయించారు. పగులు కొస సూదిలా ఉంటే ముందుకి పాకుతుంది, గుండ్రటి బెజ్జంలోకి వచ్చి పడితే అక్కడ ఆగుతుంది. రవికె చంక దగ్గర చిరుగుకి మనం అడ్డంగా ముడి వేస్తామే, అలాంటిదే. తర్వాత సుద్దముక్కతో గీత గీసి, ఆ గీత వెంట దగ్గర దగ్గరగా బెజ్జాల వరస వేయించారు. మూలలు రెండూ పలకగా కాకుండా గుండ్రంగా వచ్చేటట్టు అక్కడ కొంచెం పెద్ద బెజ్జాలు. ఆపైన యాక్సా బ్లేడుకి గుడ్డ చుట్టి, నిలువునా మెల్లిగా కోత.

బాబాయి కొడుకు గిన్నెలో ఆముదం తెస్తే, “నూనె వద్దురా, దీంట్లోనే ఉంది” అని ఆపేశారు ఆయన. నిజంగానే బ్లేడు కింద మెత్తని నల్లపొడి రాలింది. నేను చేత్తో తీసి చూస్తే పెన్సిలు ముల్లులా వేళ్లకి అంటుకుంది. అదే ఇదీనట! పోత ఇనుములో మిగిలిన బొగ్గుసారం పెన్సిల్లో ఉండే పదార్థంగానే రేకులు కట్టి ఉంటుందట. రంపానికి అదే నూనె, దెబ్బకి అదే పగులు. పైచర్మం మాత్రం గట్టి. మొదటి రెండు బ్లేళ్లూ అక్కడే అరిగిపోయాయి. రెండు కోతలూ తెగి, ఆకురాయితో నున్న చేసేసరికి రెండు రోజులు పట్టింది.

పళ్లెం కడుగుతుంటే అడుగున అచ్చులోనే పోసిన ఇంగ్లీషు అక్షరాలు కనబడ్డాయి. చదవమని నన్ను పిలిచారు. ఊళ్లో అంతమంది మధ్య ఇంగ్లీషు చదవడమంటే నాకు ఎక్కడలేని గొప్ప! ‘క్లే బిఫోర్ యూజింగ్’ అని ఉంది. అంటే వాడేముందు మట్టి మెత్తమని. పోత ఇనుముకి నిప్పు నేరుగా తగిలితే పగులుతుంది కాబట్టి, ఆ కాలపు కార్ఖానాలవాళ్లు ఆ మాట పళ్లెంలోనే పోతపోసేవారు. నేను అర్థం చెప్పగానే మామ్మ ఒకటే నవ్వు. “మట్టి పూసుకోమని ఇనప అక్షరాలు పోశారా! మా అత్త నాకు మొట్టికాయలు వేసి నేర్పింది” అంది. పుట్టమన్ను తెప్పించి, జల్లించి, బూడిదా ఇసకా కలిపి, ఎడమచేత్తోనే మెత్తింది. కోసిన చోట్ల నిప్పులు జారకుండా చిన్న గట్టు కట్టి, పాస ఆనడానికి దారి వదిలింది. నీడన నాలుగు రోజులు ఆరనిచ్చి, సన్నమంట మీద తడి లాగేశాక గాని నిప్పు పెట్టనివ్వలేదు.

పంకా బ్రహ్మాండంగా పనిచేసింది. కోడలు ఒక చేత్తో తిప్పుతూ రెండో చేత్తో పిల్లాణ్ణి ఆడించుకునేది. మామ్మ అరుగు మీదికి మారింది. “చేతులు ఊరికే ఉంటే తోచట్లేదే” అనేది. పంకా రొద మారగానే లోపలికి చూసి, “చాలు, చాలు, మాడుతుంది” అని కేకేసేది.

జూన్‌లో తొలకరి పడింది. రైతులందరూ ఒక్కసారిగా గుంటకలు పట్టుకొచ్చారు. అప్పుడే పంకాలో పళ్లచక్రం పన్ను ఒకటి విరిగింది. అదీ పోత ఇనుమే. ఊళ్లో ఎవరూ పొయ్యలేరు, కాల్చి అతికించలేరు. గుంటూరులో పాత సామాన్లవాళ్లని అడిగితే అలాంటి చక్రం ఎక్కడా దొరకలేదు. పాత తిత్తి తీద్దామంటే అటక మీద ఎలకలు కొరికేశాయి, కుట్టేవాళ్లేమో కూలిపనులకి పోయి ఆ పనే మానేశారు. వారంపైన కొలిమి చల్లారిపోయింది. ఇన్ని వందల ఏళ్లలో రాజులు మారారు, కరువులొచ్చాయి, సీమ ఇనుమొచ్చింది. కాని ఒక చిన్న పన్ను కోసం పదును మీదున్న పొలాన్ని వదిలి రైతులు పక్క ఊళ్లకి పరిగెత్తడం అప్పుడే చూశామన్నారు పెద్దవాళ్లు. మామ్మ ఆ వారం ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. కడియాలిచ్చి తనే తెచ్చుకున్న పీడ అనుకుందో ఏమో.

చివరికి మళ్లీ ఆ ఫిట్టరుగారే దారి చూపారు. విరిగిన పన్ను మొదట్లో రెండు బెజ్జాలు వేయించి, మరలు కోయించి, వాటిలో రెండు మెత్తటి ఇనప మేకులు బిగించారు. పైకి నిలిచిన ఆ మేకుల్నే పన్ను ఆకారం వచ్చేదాకా ఆకురాయితో అరగదీశారు. పోత చక్రానికి చేత ఇనుముతో పన్ను కట్టారన్నమాట. పిడి తిప్పితే ఆ పన్ను దగ్గర టిక్కుమని ఒక చప్పుడు వచ్చేది. అదొక్కటే తేడా.

తర్వాత ఆ ఊరికి ట్రాక్టర్లు వచ్చాయి, పాసలూ కర్రులూ షాపుల్లో తయారుగా దొరికాయి. మామ్మ 2003లో పోయింది. బాబాయి కూడా లేరు. మనవడు రోడ్డు మీద గేట్లూ గ్రిల్లులూ చేసే షాపు పెట్టుకున్నాడు.

పోయిన సంక్రాంతికి వెళ్లినప్పుడు చూశాను. కొలిమి పళ్లెం పెరట్లో వేపచెట్టు కింద ఉంది. కోళ్లకి నీళ్లు పెడదామంటే రెండు పక్కలా కోసేసి ఉండడం వల్ల నిలవట్లేదట, మనవడి భార్య విసుక్కుంటోంది. మట్టి ఎప్పుడో రాలిపోయింది. అంచు మీద తుప్పు గీకి చూస్తే ఆ నాలుగు వేళ్ల పగులు ఇంకా అక్కడే ఉంది, బెజ్జం దాకా వచ్చి. మామ్మ పేరేమిటని ఆ అమ్మాయిని అడిగాను, ఇన్నేళ్లూ నాకు తెలియదు గనుక. లోపలికెళ్లి రేషన్‌కార్డు వెతికి తెచ్చి చూపించింది.